జుట్టు కోసం రక్తం: హజ్జాం నుంచి పీఆర్‌పీ దాకా

శ్రావణమాసం వస్తే ఆదోని, ఎమ్మిగనూరు బస్టాండుల్లో ఎటు చూసినా ఉరుకుంద బోర్డే కనిపిస్తుంది. ఈరన్న స్వామి దగ్గరికి మన కర్నూలు జిల్లావాళ్లే కాదు, సరిహద్దు దాటి కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు. పోయేటప్పుడు నిండు తలలు, వచ్చేటప్పుడు గంధం పూసిన గుండ్లు. మగవాళ్లు, ఆడవాళ్లు, చంకలో పసిపిల్లలు. మొక్కు వాళ్లది, అఖీదా వాళ్లది. నేను రాస్తున్నది మొక్కు గురించి కాదు. ఆ గుండ్ల మీద తర్వాత ఏం జరుగుతుందో దాని గురించి.

ఏం జరుగుతుంది? మళ్లీ మొలుస్తుంది. నెలకు సుమారు 1 సెంటీమీటరు చొప్పున పెరిగి, దీపావళి నాటికి దువ్వెనకు దొరుకుతుంది. మన ఇళ్లలోనూ అంతే కదా. అఖీఖా రోజు బిడ్డ తల గీయించి ఆ జుట్టు తూకానికి వెండి ఖైరాత్ చేస్తాం. హజ్‌కో ఉమ్రాకో పోయి హల్ఖ్ చేయించుకుని వచ్చిన పెద్దమనిషి తల చూసి, అది మళ్లీ రాదేమోనని ఎవరూ ఫికర్ పడరు. కత్తి కోసేది చర్మం పైన ఉన్నదాన్ని. చర్మం కింద ఉన్న కుదురుకు కత్తి పడిన సంగతే తెలియదు.

ఈ సంగతిలోనే ఒక గలత్‌ఫహమీ కూడా ఉంది. 'గుండు కొట్టిస్తే జుట్టు ఒత్తుగా వస్తుంది' అని మన నానీలూ అంటారు, పక్కింటి అవ్వలూ అంటారు. మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1928లోనే దీన్ని కొలిచి చూసి, గీయడం వల్ల వెంట్రుక మందం గానీ పెరిగే వేగం గానీ మారదని రాసింది. కోసిన వెంట్రుక చివర మొద్దుగా ఉంటుంది, చేతికి గరుకుగా తగులుతుంది. ఆ గరుకుదనాన్నే మనం ఒత్తు అనుకుంటాం. ఈ చిన్న మాట గుర్తుంచుకోండి. ముందు గుండు కొట్టి తర్వాత ఏదో నీళ్లు పూసి 'చూడండి, మొలిచింది' అనే ఇలాజ్‌లన్నీ దీని మీదే నడుస్తాయి.

బట్టతల అనేది వేరే కథ. అక్కడ కత్తి పడేది పైన కాదు, కింద. కుదురు ఏడాదికేడాది చిన్నదైపోతుంది. లావు వెంట్రుక పుట్టాల్సిన చోట సన్న వెంట్రుక, ఆ తర్వాత నూగు, ఆ తర్వాత ఏమీ లేదు. మగవాళ్లకు నుదుటి రెండు పక్కలా, నడినెత్తి మీదా. ఆడవాళ్లకు పాపిట దగ్గర వెడల్పవుతూ. ఒక నమూనా ప్రకారం పోతుంది కాబట్టే డాక్టర్లు దీన్ని వేరే పేరుతో పిలుస్తారు. గుండు కొట్టించుకున్నవాడికి జుట్టు తిరిగి రావడం చూసి, బట్టతలవాడికీ ఏదో ఒకటి పూస్తే వస్తుందన్న ఉమ్మీద్ పుడుతుంది. ఆ ఉమ్మీద్ మీద ఒక పెద్ద బజార్ ఉంది.

ఆ బజార్ మా ఇంట్లోకి ఫోన్ రూపంలో వచ్చింది. ఆదోనిలో ఉండే మా ఆపా కొడుక్కి 26 ఏళ్లు. రిష్తాలు చూస్తున్నారు. ఒక చోట అమ్మాయి తరఫువాళ్లు 'ఉమర్ ఎంత?' అని రెండుసార్లు అడిగారట. అప్పటినుంచి వాడు ఇంట్లో కూడా టోపీ తీయడం లేదు. నమాజ్ టోపీ కాదు, క్రికెట్ టోపీ. ఒక రోజు నా పక్కన కూర్చుని ఏదో పెద్ద ఊరి క్లినిక్‌వాళ్లు పంపిన వీడియో చూపించి, 'మామూ, ఏ కర్‌లేతో బాల్ ఆజాతే కతే' అన్నాడు. మన రక్తమే తీసి, తిప్పి, తలలో సూదులు వేస్తారు. పీఆర్‌పీ. ఆరు సిట్టింగ్‌ల ప్యాకేజీ యాభై వేలకు కాస్త తక్కువ. ఆపా గాజులు తాకట్టు పెట్టడానికి తయారుగా ఉంది.

పని చేస్తుందా అన్నది వాడి సవాల్. నేను డాక్టర్ని కాదు, అఖ్బార్‌వాణ్ని. నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే: ఒక దావా ఎక్కడ పుట్టింది, ఎవరు మొదట అన్నారు, ఎవరు కొలిచి చూశారు అని తవ్వడం. తవ్వితే నేను అనుకున్నదానికంటే పాత తారీఖ్ బయటపడింది.

మొదట ఒక మాట గురించి చెప్పాలి. ఉర్దూ మీడియం బడిలో మాకు 'హజ్జాం' అంటే జుట్టు కోసేవాడు. అరబీలో ఆ మాటకు అసలు అర్థం అది కాదు. హిజామా చేసేవాడు హజ్జాం, అంటే కొమ్ములో, గిన్నెలో గాలి లాగి చెడు రక్తం తీసేవాడు. ఒకే మనిషి కత్తి పట్టుకునేవాడు కాబట్టి రక్తం తీయడం, జుట్టు గీయడం, ఖత్నా చేయడం, పుండు కోయడం అన్నీ అతని పనులే. కాలక్రమంలో రక్తం పని పోయి మాటకు జుట్టు పని మిగిలింది. తర్వాత డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు తెలిసింది, ఇక్కడి నాయీ బ్రాహ్మణుల కథా అదేనని: క్షురకర్మతో పాటు గాయాలకు కట్టు, నాటువైద్యం, మంత్రసానితనం, పైగా సన్నాయి. 2007లో మన రాష్ట్రం ముస్లింలలో వెనకబడిన బిరాదరీలకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చిన బీసీ-ఈ జాబితాలో హజ్జాం, నాయి, నావిద్ అనే పేర్లు పక్కపక్కనే ఉంటాయి. ఇంత పని చేసిన బిరాదరీకి మనం ఇచ్చిన ఇజ్జత్ ఎంతో ఆ జాబితాలో చోటు దొరకడమే చెబుతుంది. ఆ సంగతి మీద ఇంకోసారి రాస్తాను.

అంటే జుట్టూ రక్తమూ ఒకే చేతిలో ఉండడం కొత్త కాదు. కానీ హజ్జాం రక్తాన్ని బయటికి తీసేవాడు. తీసిన రక్తాన్నే తిరిగి లోపలికి పంపాలన్న ఖయాల్ కొత్తది. 'పీఆర్‌పీ కూడా హిజామా లాంటిదే' అని కొందరు వాట్సాప్‌లో పంచుతున్నారు. కాదు. రెండింటి రాస్తా ఎదురెదురు.

ఇక తిబ్. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ సాహెబ్ పేరు మీద యూనానీ వైద్య కళాశాల ఉంది. 1947లో ఉస్మానియా కాలేజీ పెట్టిన అబ్దుల్ హఖ్ సాహెబే ఆయన. ఆ కళాశాలలో నేటికీ చదివే విద్య మూలాలు బుఖ్రాత్, జాలీనూస్, ఇబ్న్ సీనా దాకా పోతాయి. ఇబ్న్ సీనా 980లో పుట్టి 1037లో పోయాడు. ఆయన అల్ ఖానూన్ ఐదు సంపుటాల గ్రంథం. నాలుగో సంపుటం చివర జీనత్ మీద, అంటే చర్మం, జుట్టు, గోళ్ల అందం మీద ప్రత్యేక భాగం ఉంది. వెయ్యేళ్ల కిందట అంత పెద్ద హకీం జుట్టును చిన్న విషయమని కొట్టిపారేయలేదు. మన పెద్దలేమో పిల్లవాడు జుట్టు గురించి బాధపడితే 'మగాడివి, ఇదేం ఏడుపు' అంటారు.

తిబ్ ప్రకారం వెంట్రుక ఒంట్లోని పొగలాంటి బుఖార్ నుంచి పుడుతుంది. ఆ పదార్థం తగ్గినా, చర్మంలోని రంధ్రాలు చెడినా రాలుతుంది. ఈ వివరణ నేటి సైన్స్ ముందు నిలవదు. కానీ హకీంలు చేసిన ఒక పని నిలుస్తుంది: వాళ్లు జుట్టు పోవడాన్ని రకాలుగా విడదీశారు. గుండ్రంగా మచ్చలు మచ్చలుగా పోయేదాన్ని దాఉస్‌సాలబ్ అన్నారు, అంటే నక్కజబ్బు. మన తెలుగులో పేనుకొరుకుడు. ముందు నుంచి వెనక్కి పోయే బట్టతలను సలా అన్నారు. మామూలుగా రాలడాన్ని ఇంతిషార్ అన్నారు. మూడింటికీ మూడు దారులు. ఈరోజు బజార్‌లో సీసా అమ్మేవాడు ఈ మూడింటినీ కలిపి ఒకే మందు ఇస్తున్నాడు. వెయ్యేళ్లలో ఈ విషయంలో మనం వెనక్కి నడిచాం.

ఎందుకు విడదీయాలో ఒక మిసాల్ చెబుతాను. పేనుకొరుకుడుకు ఉల్లిగడ్డ రుద్దడం మన ఊళ్లలో అందరికీ తెలిసిన నుస్ఖా. 2002లో బగ్దాద్ డాక్టర్లు దీన్ని పరీక్షకు పెట్టారు. ఉల్లిరసం రాసిన 23 మందిలో 20 మందికి ఆరు వారాల్లో జుట్టు వచ్చింది. ఉత్త కుళాయి నీళ్లు రాసిన 15 మందిలో ఇద్దరికే వచ్చింది. చిన్న తజుర్బా, అయినా ఆశ కలిగించేదే. కానీ అది మచ్చలుగా పోయే జబ్బు, చాలామందికి తనంతట తనే తిరిగి వచ్చే జబ్బు. ఈ ఫలితాన్ని చూపించి బట్టతలకు ఉల్లి నూనె అమ్మితే అది ధోకా. యూట్యూబ్ నిండా జరుగుతున్నది అదే.

బట్టతల రాజ్ ఏమిటో మాత్రం హకీంలకు తెలియలేదు. ఒక ఇషారా ఉండేది. ఖోజాలకు బట్టతల రాదని రెండున్నర వేల ఏళ్ల కిందటే బుఖ్రాత్ పేరు మీద ఉన్న సూత్రాల్లో ఉంది. నవాబుల దర్బార్లలో ఖ్వాజాసరాలను రోజూ చూసిన మనవాళ్లకూ ఇది కనిపించే ఉంటుంది. తలలో తడి తగ్గి ఖుష్కీ పెరగడం వల్ల బట్టతల వస్తుందని తిబ్ దానికి తన లెక్కలో జవాబు చెప్పుకుంది.

అసలు జవాబు 1942లో అమెరికాలో దొరికింది. జేమ్స్ హామిల్టన్ అనే శాస్త్రవేత్త, బీజాలు పనిచేయని లేదా తీసేసిన వందకు పైగా మగవాళ్లను చూశాడు. యౌవనానికి ముందే ఆ స్థితిలో ఉన్నవాళ్లకు బట్టతల లేదు. వాళ్లలో కొందరికి మగ హార్మోన్ ఇచ్చి చూస్తే, ఖాందాన్‌లో బట్టతల ఉన్నవాళ్లకు జుట్టు పోవడం మొదలైంది, లేనివాళ్లకు పోలేదు. హార్మోన్ ఆపితే పోవడం ఆగింది, పోయింది మాత్రం తిరిగి రాలేదు. అంటే రెండు కలవాలి: వారసత్వమూ, హార్మోనూ. షాంపూ మార్చడం, బోరునీళ్లు, హెల్మెట్, టోపీ, హిజాబ్, వీటి మీద మనం వేసే ఇల్జాంలన్నీ ఇక్కడ పక్కకు పోతాయి. హిజాబ్ కింద జుట్టును లాగి గట్టిగా ముడి వేస్తే నుదుటి దగ్గర రాలడం నిజమే, అది లాగడం వల్ల. గుడ్డ వల్ల కాదు.

ఆ తర్వాత దారి వేగంగా సాగింది. 1974లో డొమినికన్ రిపబ్లిక్‌లోని కొన్ని కుటుంబాలను పరీక్షించిన డాక్టర్లు, టెస్టోస్టిరాన్‌ను మరింత ఘాటైన డీహెచ్‌టీగా మార్చే ఎంజైమ్ కొందరికి పుట్టుకతో తక్కువని కనుక్కున్నారు. వాళ్లలో మగవాళ్లకు బట్టతల రాదు. ఆ ఎంజైమ్‌ను అడ్డుకునే ఫినాస్టెరైడ్ మాత్ర మొదట ప్రొస్టేట్‌కు వచ్చి, 1997లో బట్టతలకు అమెరికాలో అనుమతి పొందింది. దానికంటే ముందు 1988లో మినాక్సిడిల్ ద్రావణానికి అనుమతి వచ్చింది. అది అసలు బీపీ మాత్ర. వేసుకున్నవాళ్లకు ఒళ్లంతా వెంట్రుకలు మొలుస్తుంటే తలకు పూసి చూశారు. రెండూ వందల, వేల మంది మీద, మందు ఎవరికి ఇచ్చారో ఉత్త ద్రావణం ఎవరికి ఇచ్చారో ఇద్దరికీ తెలియకుండా పరీక్షించిన మందులు. రెండూ అద్భుతాలు కావు. వాడినన్నాళ్లే పని. ఫినాస్టెరైడ్ కొద్దిమంది మగవాళ్లలో కోరిక తగ్గిస్తుంది. గర్భం దాల్చే వయసు ఆడవాళ్లు దాని జోలికి పోకూడదు. డాక్టర్ లేకుండా మెడికల్ షాపులో అడిగి కొనే వస్తువు కాదది.

ఇప్పుడు పీఆర్‌పీ. పేరు ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా, అంటే ప్లేట్‌లెట్లు దట్టంగా ఉన్న ప్లాస్మా. మన ఇళ్లలో ప్లేట్‌లెట్లు అంటే తెలియనివాళ్లు లేరు. డెంగ్యూ నేర్పింది. బొప్పాయి ఆకు రసం తాగించి, పొద్దున్నా సాయంత్రం రిపోర్టు చూసి, 'ఎనభై వేలకు పడిపోయాయి' అని ఏడ్చిన అమ్మలందరికీ తెలుసు. మామూలుగా మైక్రోలీటరు రక్తంలో ఒకటిన్నర లక్షల నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. వీటిని 1882లో ఇటలీలోని టూరిన్ నగరంలో జూలియో బిజొజెరో గుర్తించి, రక్తం గడ్డకట్టడంలో వీటి పాత్ర చెప్పాడు. గాయమైతే ముందు పరుగెత్తి వచ్చి అడ్డుకట్ట వేసే సిపాయిలన్నమాట. 1970లలో తెలిసిన ఇంకో సంగతి, ఈ సిపాయిల సంచుల్లో కణాలను పెరగమని చెప్పే పదార్థాలు కూడా ఉంటాయని. గాయం మానడం మొదలయ్యేది వాటితోనే.

అక్కడినుంచి ఖయాల్ సులువు. రక్తం తీసి గడ్డకట్టకుండా మందు కలిపి యంత్రంలో గిరగిరా తిప్పితే ఎర్రకణాలు అడుగుకు పోతాయి, పసుపురంగు ప్లాస్మా పైకి తేలుతుంది, మధ్యలో ప్లేట్‌లెట్ల పొర. చల్ల చిలికితే వెన్న తేలినట్టు. దాన్ని తీసి గాయం ఉన్నచోట పెట్టు. 1998లో రాబర్ట్ మార్క్స్ అనే దవడల సర్జన్ ఎముక అతికించే ఆపరేషన్లలో దీన్ని వాడి ఎముక వేగంగా పెరిగిందని రాశాడు. అప్పటినుంచి పీఆర్‌పీ పరుగు మొదలైంది. ఆటగాళ్ల కండరాలకు, ముఖం ముడతలకు, మోకాళ్ల నొప్పులకు. తెలుగులో బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టినట్టు అని ఒక సామెత ఉంది. నిజంగానే ఆ ముడి వేసిన ఇలాజ్ ఇదొక్కటే! ముడికి ఒక చివర ఏమైందో కూడా చెప్పాలి. 2021లో ఆస్ట్రేలియాలో మోకాలు అరిగిన 288 మందిలో సగం మందికి పీఆర్‌పీ, సగం మందికి ఉప్పునీళ్లు ఇచ్చి ఏడాది చూస్తే, నొప్పిలో గానీ మృదులాస్థిలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అయినా మోకాళ్లకు ఇస్తూనే ఉన్నారు.

రెండో చివర, బోడిగుండు. 2006లో బ్రెజిల్ సర్జన్ కార్లోస్ ఊబెల్, జుట్టు మార్పిడిలో నాటే కుదుళ్లను ముందు ప్లేట్‌లెట్ల ప్లాస్మాలో నానబెట్టి నాటితే ఎక్కువ బతికాయని చెప్పాడు. నాటకుండా నేరుగా తలలోనే ఇస్తే సరిపోదా అన్న ఆలోచన ఆ తర్వాత ఊపందుకుంది. మన దేశమూ వెనకబడలేదు. 2014లో పుణె డాక్టర్లు, మినాక్సిడిల్, ఫినాస్టెరైడ్ ఆరు నెలలు వాడినా ఫాయిదా కనిపించని 11 మందికి రెండు వారాలకోసారి నాలుగు సిట్టింగ్‌లు ఇచ్చారు. చదరపు సెంటీమీటరుకు సగటున 22 కుదుళ్లు పెరిగాయని లెక్క తేల్చారు. మంచి ఖబర్. కానీ పోల్చి చూడడానికి ఉత్త సూది వేయించుకున్నవాళ్లెవరూ అందులో లేరు. పదకొండు మంది, ఒకే పక్షం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. జుట్టు విషయంలో పోలిక ఎందుకంత జరూరీ? టైఫాయిడ్, డెంగ్యూ, కాన్పు, ఏదైనా పెద్ద సద్మా తర్వాత రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది. మనిషి హడలిపోతాడు. ఆ తర్వాత కొన్ని నెలల్లో ఏమీ చేయకపోయినా తిరిగి వస్తుంది. రాలడం మొదలైనప్పుడే మనం ఇలాజ్‌కు పరుగెత్తుతాం కాబట్టి, తిరిగి వచ్చేనాటికి చేతిలో ఏ సీసా ఉంటే దానికి ఆ షుక్రియా పోతుంది. రోగన్ బైజా ముర్గ్ కావచ్చు, గుంటగలగరాకు నూనె కావచ్చు, పీఆర్‌పీ కావచ్చు. దీన్ని వేరు చేయడానికి ఒకటే దారి: ఒకే మనిషి తలలో సగానికి మందు, సగానికి ఉప్పునీళ్లు, ఏది ఏదో లెక్కపెట్టేవాడికి తెలియకూడదు. బట్టతల ఇందుకు బాగా కుదురుతుంది. రెండు సగాలకూ ఖాందాన్ ఒకటే, హార్మోన్ ఒకటే, తిండి ఒకటే.

అలా చేసినవాళ్లున్నారు. 2015లో రోమ్‌లో నెలకొకటి చొప్పున మూడు సిట్టింగ్‌లు ఇచ్చి 20 మంది ఫలితాలు చూశారు. ప్లాస్మా ఇచ్చిన సగంలో చదరపు సెంటీమీటరుకు సగటున 45.9 వెంట్రుకలు పెరిగాయి, ఉప్పునీళ్ల సగంలో తగ్గాయి. మరుసటి ఏడాది ఆల్వెస్, గ్రిమాల్ట్ అనే ఇద్దరు డాక్టర్లు 25 మందిని తీసుకుని ఇదే పద్ధతిలో చూసి లాభం ఉందన్నారు. అదే 2016లో ఇరాన్ డాక్టర్లు ఇరవై మంది లోపు మగవాళ్లకు రెండు సిట్టింగ్‌లు ఇచ్చి ఆరు నెలలు చూస్తే తేడా కనిపించలేదు. అదే ఏడాది అమెరికాలో 26 మంది ఆడవాళ్లకు ఒక్కసారి ఇస్తే లెక్కలో తేడా రాలేదు. అయితే ప్లాస్మా పడిన కొందరు 'నా జుట్టు బాగుపడింది' అన్నారు. లెక్క వేరు, ఎహ్సాస్ వేరు. ఇది ఎగతాళి కాదు. అద్దం ముందు నిలబడేది లెక్క కాదు, మనిషి. కానీ గాజులు తాకట్టు పెట్టే అమ్మకు లెక్కే చెప్పాలి.

తర్వాతి ఏళ్లలో ఇలాంటి చిన్న పరీక్షలు చాలా వచ్చాయి, వాటిని కలిపి చూసిన సమీక్షలూ వచ్చాయి. మొత్తం మీద త్రాసు లాభం వైపే వంగుతుంది, వంగడం మాత్రం కొద్దిగా. 45 వెంట్రుకలంటే ఎంత? ఒత్తుగా ఉన్న తలలో చదరపు సెంటీమీటరుకు 200 దాకా ఉంటాయి. సగం పోయేదాకా మనకే సరిగ్గా కనిపించదు. పల్చబడుతున్న నెత్తి మీద 40 పెరిగితే కంటికి తేడా తెలియొచ్చు. నున్నగా మెరిసే చోట కుదురే చచ్చిపోయింది, అక్కడ ఏ రక్తమూ మొలిపించదు. రోమ్ పరీక్షలోనే ఇంకో మాట ఉంది: ఏడాది గడిచాక నలుగురికి మళ్లీ రాలడం మొదలైంది, మళ్లీ ఇవ్వాల్సి వచ్చింది. ప్యాకేజీ వీడియోలో ఈ నలుగురు ఉండరు. ఆరు సిట్టింగ్‌లతో అయిపోయే ఖర్చు కాదిది, కౌలు లాంటిది. ఏటా కట్టాలి.

ఫలితాలు ఇంత తేడాగా ఎందుకున్నాయంటే, పీఆర్‌పీ అనేది ఒక మందు కాదు. మినాక్సిడిల్ 5 శాతం సీసా ఆదోనిలో కొన్నా అమెరికాలో కొన్నా అదే. పీఆర్‌పీ మాత్రం ఎవరి రక్తం, ఎంత తీశారు, ఎంత వేగంతో ఎన్నిసార్లు తిప్పారు, ఏ పొర తీసుకున్నారు అన్నదాన్ని బట్టి మారిపోతుంది. మామూలు రక్తానికి మూడు నుంచి ఐదు రెట్లు దట్టంగా ఉండాలని చాలామంది అంటారు. మార్క్స్ అయితే మైక్రోలీటరుకు 10 లక్షలు అన్నాడు. మీ క్లినిక్‌లో అది ఎంతుందో కొలిచి చెప్పేవాళ్లు అరుదు. బిర్యానీ అని రాసి ఉన్నంత మాత్రాన అన్ని హోటళ్లలో ఒకటే దొరకదు కదా.

ప్రమాదం గురించి రెండు మాటలు. సొంత రక్తమే కాబట్టి పడకపోవడం అరుదు. నొప్పి, వాపు, ఒకటి రెండు రోజులు. కానీ సూది, గొట్టం ఎవరిదన్నది ముఖ్యం. అమెరికాలోని న్యూ మెక్సికోలో లైసెన్సు లేని ఒక స్పాలో ముఖానికి ఇలాంటి ప్లాస్మా సూదులు వేయించుకున్న కనీసం ముగ్గురు ఆడవాళ్లకు హెచ్ఐవీ సోకిందని సీడీసీ 2024లో ప్రకటించింది. ఆ స్పాను 2018లోనే మూసేశారు. ఒకసారి వాడి పారేయాల్సినవి మళ్లీ వాడితే జరిగేది ఇదే. మన దేశంలో 2022లో జాతీయ వైద్య మండలి జుట్టు మార్పిడి, అందం చికిత్సలు ఎవరు చేయాలో చెబుతూ, యూట్యూబ్ చూసో వర్క్‌షాప్‌కు పోయో నేర్చుకుంటే చాలదని రాయాల్సి వచ్చింది. ఆ వాక్యం రాయాల్సి వచ్చిందంటేనే బయట ఏం నడుస్తోందో అర్థం చేసుకోవచ్చు. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ ఉప్పల్ భగాయత్‌లో బట్టతల మీద జుట్టు మొలిపిస్తామన్నవాళ్ల ముందు వందల మంది యువకులు క్యూ కట్టారు. వాళ్లను చూసి టీవీలు నవ్వాయి. నాకు నవ్వు రాలేదు. అందులో ఎంతమంది నికాహ్‌కు ముందు వచ్చినవాళ్లో.

రిష్తా మాటకు వస్తే, మనం అమ్మాయి రంగు గురించి చేసే జుల్మ్ మీద చాలా రాశాం. అబ్బాయి నెత్తి మీద చేసేది ఎవరూ రాయరు. 'గంజే కో ఖుదా నాఖూన్ న దే' అని సామెత చెప్పి దావత్‌లో నవ్వుతాం. నవ్వించుకున్నవాడు ఇంటికి వచ్చి ఫోన్‌లో క్లినిక్ నంబర్ వెతుకుతాడు. ఇక సొంత రక్తం తిరిగి ఎక్కించుకోవచ్చా, ఇది ఇలాజా జీనతా అన్న మసలా ఆపా మొదటే అడిగింది. అది ముఫ్తీ సాహెబ్ పని, నాది కాదు. కానీ ఆయన దగ్గరికి పోయేటప్పుడు ఇది ఎంత పని చేస్తుందో కూడా చెప్పి అడగమన్నాను. సగం ఖబర్‌తో పోతే సగం జవాబే వస్తుంది.

వాడు కర్నూలులో ఒక చర్మవైద్యుడి దగ్గరికి పోయాడు. ముందు రక్తపరీక్షలు, థైరాయిడ్, ఐరన్. తర్వాత పూసే మందు, ఆరు నెలలు ఆగకుండా. మొదటి నెలన్నర ఇంకాస్త ఎక్కువ రాలుతుంది, భయపడి మానొద్దని ముందే చెప్పారట. మంచి డాక్టర్. పీఆర్‌పీ సంగతి అడిగితే, జుట్టు పల్చబడే దశలో ఉంది కాబట్టి మందుతో పాటు ఇస్తే కొంత లాభం ఉండొచ్చు, మందు బదులు మాత్రం కాదు, తొందరేమీ లేదు అన్నారు. గాజులు ఆపా చేతికే ఉన్నాయి.

ఆరో నెల తర్వాత వాడు పీఆర్‌పీ వైపే పోతే అడగాల్సినవి ఒక కాగితం మీద రాసిచ్చాను. సూది వేసేది డిగ్రీ ఉన్న చర్మవైద్యుడేనా, లేక తెల్లకోటు వేసుకున్న అసిస్టెంటా. ట్యూబూ సూదీ నీ కళ్లముందు కొత్త ప్యాకెట్ చింపి తీస్తారా. తిప్పిన తర్వాత ప్లేట్‌లెట్లు ఎన్ని లక్షలున్నాయో కొలుస్తారా. మూడు సిట్టింగ్‌ల తర్వాత ఫాయిదా లేకపోతే మిగిలిన డబ్బు వాపస్ ఇస్తారా. ఇంకొకటి, మొదటి రోజు ఫోటో, ఆరో నెల ఫోటో ఒకే గోడ దగ్గర, ఒకే లైటు కింద, నూనె లేని పొడి జుట్టుతో, పాపిట ఒకే చోట తీసి తీయమను.